143 పేర్లు, 11 మంది మనుషులు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను పశ్చిమ గోదావరి జిల్లాలో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా కాలేజీ ఆంట్రప్రెన్యూర్‌షిప్ క్లబ్‌కు ఈ ఏడాది నేనే కార్యదర్శిని. కిందటి నెలలో హైదరాబాద్ నుంచి ఒక స్టార్టప్ వ్యవస్థాపకుడిని పిలిచి కార్యక్రమం పెట్టాం. ఆన్‌లైన్ ఫారంలో 143 మంది పేర్లు ఇచ్చారు. 250 కుర్చీల సెమినార్ హాలు తీసుకున్నాం. సాయంత్రం నాలుగున్నరకు వచ్చింది 11 మంది. అందులో ఐదుగురం మా కమిటీ వాళ్లమే. ఆయన వేదిక మీద మైకు పట్టుకుని 40 నిమిషాలు మాట్లాడారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. తర్వాత సమోసాలు తింటూ ముగ్గురు విద్యార్థులు ఆయన చుట్టూ చేరి గంటసేపు మాట్లాడారు. ఒక మెకానికల్ అబ్బాయి వాళ్లమ్మ చేసే పచ్చళ్ల గురించి ఏదో అడిగాడు. అంతకు మించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఆయన రానుపోను కారుకు 3,500, సమోసాలు 120కి 1,440, ఫ్లెక్సీకి 1,100, శాలువాకు, పూలగుత్తికి 900, మొత్తం 6,940 రూపాయలు ఖర్చయ్యాయి. మా హెచ్‌ఓడీ (విభాగాధిపతి) గారు ‘ఈసారి హాజరు వేస్తామని చెప్పు, హాలు అదే నిండుతుంది’ అంటున్నారు. స్నేహితులేమో ‘హాలు నింపలేనిదానివి, కంపెనీ ఏం పెడతావు’ అంటున్నారు. నాన్నగారికి మా ఊళ్లో టెంట్ హౌస్ ఉంది. ఆయన కూడా వ్యాపారం వద్దు, ఉద్యోగం చూసుకో అంటారు. నాకు వ్యాపారం చేసే లక్షణం లేదనుకోవాలా? క్లబ్ బాధ్యత వదిలేయాలా? — పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం: అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఖర్చు రూపాయి పొల్లుపోకుండా రాశావు, కుర్చీలు లెక్కపెట్టి రాశావు. ఆ మెకానికల్ అబ్బాయి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘ఏదో అడిగాడు’ అని వదిలేశావు. ఆ ఏదో ఏమిటో నాకు తెలుసుకోవాలని ఉంది. దాని సంగతి చివర్లో మాట్లాడుకుందాం.

ముందు ఆ 143 పేర్ల గురించి. మన వాళ్లలో మొహమాటం అని ఒకటి ఉంది. పెళ్లిపిలుపుకు ఎవరైనా గుమ్మంలోకి వస్తే ‘రాము’ అని చెప్పే మనిషి తెలుగునాట ఉండరు. ‘తప్పకుండా వస్తాం’ అంటారు. అది అబద్ధం కాదు, పిలిచిన మనిషికి ఇచ్చే గౌరవం. నీ ఫారంలో పడిన పేర్లలో చాలావరకు ఆ గౌరవం కిందికే వస్తాయి. వాట్సాప్ గ్రూపులో క్లాస్‌మేట్ లింకు పెట్టింది, ఊరికే పోయేదేముంది అని నింపారు. ఒక పేరు నింపడానికి అర నిమిషం చాలు. సాయంత్రం నాలుగున్నరకు హాల్లో ఉండాలంటే రెండు గంటల కాలం, ఇంటికి వెళ్లే బస్సు, రికార్డు రాసుకునే తీరిక వదులుకోవాలి. ఆ రెండింటికీ మధ్య ఎంత దూరముందో నీకు ఆ రోజు కళ్లారా కనిపించింది. వ్యాపారం చేసే ప్రతి మనిషీ ఏదో ఒక రోజు అక్కడ నిలబడాల్సిందే. నేనూ నిలబడ్డాను.

2004లో విజయవాడలో మేముండే అపార్ట్‌మెంట్లలో 64 ఇళ్లు. ఇడ్లీ పిండి, దోసెల పిండి రుబ్బి ప్యాకెట్లు అమ్ముదామని ఇంటింటికీ తిరిగి అడిగాను. 41 ఇళ్లవాళ్లు ‘ఎంత మంచి ఆలోచనో, తప్పకుండా తీసుకుంటాం’ అన్నారు. పేర్లు నోటు పుస్తకంలో రాసుకున్నాను. మొదటిరోజు తెల్లవారుజామున లేచి 40 ప్యాకెట్లు సిద్ధం చేసి ఆరింటికల్లా తలుపులు తట్టాను. అమ్ముడైనవి ఏడు. మిగిలిన 33 ప్యాకెట్లు ఫ్రిజ్‌లో పట్టక బకెట్లో చల్లని నీళ్లు పోసి అందులో పెట్టాను. మర్నాటికి పులిసిపోయి మూతులు ఉబ్బాయి. వాటిని పారబోసిన రోజు నేను పడ్డ బాధ నీ ఖాళీ కుర్చీల బాధ లాంటిదే.

వారం రోజుల తర్వాత మూడో అంతస్తులో ఉండే బ్యాంకు ఉద్యోగిని ఒకావిడ లిఫ్టులో కలిసింది. ఎందుకు తీసుకోలేదని అడగడానికి నోరు రాలేదు. ‘పొద్దున ఆరింటికి మీరేం చేస్తుంటారు?’ అని మాత్రం అడిగాను. ‘అప్పటికి ఉప్మా అయిపోయి క్యారియర్లు సర్దుతుంటానండీ. రేపటికి టిఫిన్ ఏమిటా అని నేను ఆలోచించేది సాయంత్రం ఆరున్నరకు, బ్యాంకు నుంచి వచ్చి చెప్పులు విప్పేటప్పుడు’ అంది. పొద్దున అమ్మాల్సిన సరుకు అనుకుని నేను పొద్దున మోసుకెళుతున్నాను. ఆవిడకు అది సాయంత్రం కొనాల్సిన సరుకు. మధ్యాహ్నం మూడింటికి రుబ్బి, ఆరున్నరకు ఇవ్వడం మొదలుపెట్టాను. పిండి వాళ్ల వంటగదిలోనే రాత్రికి పొంగేది. నెల తిరిగేసరికి 30 ఇళ్లవాళ్లు తీసుకుంటున్నారు. పిండి అదే, ధర అదే. మారిందల్లా గడియారంలో ముల్లు.

అందుకని నువ్వు చేయాల్సిన మొదటి పని, రానివాళ్ల దగ్గరికి వెళ్లడం. ఈ వారంలోనే వెళ్లు. ఇంకో నెల పోతే ఎవరికీ గుర్తుండదు. ఫారంలో పేరిచ్చి రానివాళ్లు 130 మందికి పైగా ఉన్నారు. వాళ్లలో ఒక 20 మందిని పట్టుకో. స్నేహితులను వదిలెయ్యి. ముఖపరిచయం కూడా లేనివాళ్లయితే మరీ మంచిది. క్యాంటీన్లో, బస్సులో, హాస్టల్ మెస్సులో ఒక్కొక్కరితో ఐదు నిమిషాలు మాట్లాడు. ‘ఎందుకు రాలేదు?’ అని మాత్రం అడగవద్దు. ఆ ప్రశ్న వినగానే ఎదుటివాళ్లు తప్పు చేసినట్టు కుంచించుకుపోయి ‘అయ్యో సారీ, తలనొప్పిగా ఉండింది’ అంటారు. మళ్లీ మొహమాటమే. ‘ఆ రోజు నాలుగున్నరకు ఎక్కడున్నావు?’ అని అడుగు. ‘ఆ లింకు ఎవరు పంపితే నింపావు? నింపేటప్పుడు ఏం దొరుకుతుందనుకున్నావు?’ అని అడుగు. జరిగినదాన్ని చెప్పమంటే మనుషులు నిజం చెబుతారు. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసుకో, నీ మాటల్లోకి మార్చకు.

నాకు ఒక అనుమానం ఉంది. నిర్ధారించాల్సింది నువ్వే. మీ కాలేజీ బస్సులు సాయంత్రం ఎన్నింటికి బయలుదేరతాయి? జిల్లాల్లోని చాలా కాలేజీల్లో క్లాసులు కాగానే బస్సులు వరుసగా కదులుతాయి. బస్సు తప్పితే భీమవరం నుంచో తణుకు నుంచో వచ్చే పిల్ల రెండు ఆర్టీసీ బస్సులు మారి, చీకటి పడ్డాక ఇల్లు చేరాలి. అమ్మానాన్నలకు జవాబు చెప్పుకోవాలి. నాలుగున్నర అని నువ్వు ఫ్లెక్సీ మీద వేయించిన క్షణంలోనే డే స్కాలర్లందరినీ పోగొట్టుకుని ఉంటావు. అదే నిజమైతే నీ ఉపన్యాసకుడిలో లోపం లేదు, విద్యార్థులకు ఆసక్తి లేకపోవడమూ కాదు. కానీ 20 మందిలో పది మంది హాస్టల్లోనే ఉండి, తీరిక ఉండి కూడా రాలేదని తేలితే వాళ్ల మాటలు మరింత శ్రద్ధగా విను. వీలు కుదరనివాళ్లకు వేళ మారిస్తే సరిపోతుంది. వద్దనుకున్నవాళ్ల విషయంలో నువ్వు ఇవ్వబోయిన సరుకునే మార్చాలి.

ఇక్కడ నిన్ను కొంచెం మందలించాలి కూడా. ఆ ఉపన్యాసం కావాలని మీ కాలేజీలో ఎవరు అడిగారు? నీ ఉత్తరంలో అది ఎక్కడా లేదు. హైదరాబాద్ నుంచి పెద్దమనిషి దొరికారు, తేదీ కుదిరింది, ఫ్లెక్సీ కొట్టించారు. ముందు సరుకు తయారుచేసి తర్వాత కొనేవాళ్ల కోసం వెతికారు. నేను 2004లో చేసిన పొరపాటే ఇది. నీకు లక్షణం లేదనడానికి ఇది సాక్ష్యం కాదు. దాదాపు అందరూ ఇక్కడే మొదలవుతారు. అయితే దీన్ని ‘మన వాళ్లకు ఆసక్తి లేదు’ అని విద్యార్థుల మీదికి నెట్టేస్తే మాత్రం నువ్వు ఏమీ నేర్చుకోలేవు.

6,940 రూపాయలను కమిటీ వాళ్లు కాకుండా వచ్చిన ఆరుగురితో భాగించి చూశావా? ఒక్కొక్కరికి దాదాపు 1,157 రూపాయలు. కంపెనీలు పెట్టినవాళ్లు రోజూ చూసుకునే లెక్క ఇది, ఒక కొత్త మనిషిని గుమ్మందాకా రప్పించడానికి ఎంతైందని. పుస్తకంలో ఈ లెక్క చదివినవాళ్లు చాలామంది ఉంటారు. నీకు అది చేతికి తగిలిన లెక్క. శాలువా లేకపోయినా ఆ ఆరుగురూ వచ్చేవాళ్లా? ఫ్లెక్సీ చూసి వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? అడిగితే తెలుస్తుంది. అడగకపోతే వచ్చే ఏడాది కార్యదర్శి కూడా మళ్లీ 1,100 పెట్టి ఫ్లెక్సీ కొట్టిస్తాడు.

ఇళ్లలో గదులను ప్రయాణికులకు అద్దెకు ఇప్పించే ఎయిర్‌బీఎన్‌బీ అనే కంపెనీ పేరు విని ఉంటావు. 2007 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక డిజైన్ సదస్సుకు ఊళ్లో హోటళ్లు నిండిపోతే, అద్దె కట్టడానికి ఇబ్బంది పడుతున్న బ్రయాన్ చెస్కీ, జో గెబియా తమ ఇంట్లో గాలి పరుపులు వేసి ముగ్గురు అతిథులకు బస ఇచ్చారు. ఈ కథ అందరూ చెబుతారు. తర్వాత జరిగింది నీకు ఎక్కువ పనికొస్తుంది. 2008 మార్చిలో ఆస్టిన్ నగరంలో సౌత్ బై సౌత్‌వెస్ట్ అనే పెద్ద ఉత్సవం ఉందని, దానికి వచ్చే జనమంతా తమ సైట్లో గదులు తీసుకుంటారని వాళ్లు ఎదురుచూశారు. వచ్చినవి రెండే రెండు బుకింగులు. అందులో ఒకటి చెస్కీ తానే చేసుకున్నది. మీ హాల్లో కూర్చున్న కమిటీ వాళ్ల లాగే.

అయితే చెస్కీ ఆ ఇంటికి వెళ్లి నిజంగానే అతిథిగా ఉన్నాడు. అప్పట్లో బస చేసినవాళ్లు ఇంటివాళ్లకు డబ్బు చేతికి ఇవ్వాలి. అతను నగదు తీసుకెళ్లడం మరిచిపోయాడు. తనను నమ్మి ఇంట్లోకి రానిచ్చిన మనిషి ముందు, చేతిలో డబ్బు లేకుండా నిలబడాల్సి వచ్చింది. మన ఇళ్లలోనూ అంతే కదా, చుట్టంలా చూసుకున్న మనిషిని ‘డబ్బులు ఇస్తారా’ అని అడగడం ఎంత కష్టం! ఆ ఇబ్బందిలోంచే డబ్బు ముందుగా సైట్ ద్వారా కట్టేయాలన్న ఏర్పాటు పుట్టింది. రెండు బుకింగుల్లో ఒకటి తనదే అయిన చోట, ఆ ఒక్క బుకింగు వల్ల కంపెనీకి అంత ముఖ్యమైన సంగతి తెలిసింది. 200 బుకింగులు వచ్చి ఉంటే, ఎక్కడో కూర్చుని అంకెలు చూసుకుంటూ సంతోషపడేవాడేమో.

మన నిజామాబాద్ జిల్లా నుంచి వెళ్లిన ఫణీంద్ర సామ కథ కూడా చూడు. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి ఆయనకు బస్సు టికెట్ దొరకలేదు. ఏదో ఒక బస్సులో సీటు ఉండే ఉంటుంది, అది ఎక్కడుందో చెప్పే మనిషి లేడు. బిట్స్ పిలానీ స్నేహితులతో కలిసి బస్సు యజమానులను, ఏజెంట్లను, ప్రయాణికులను కలిసి మాట్లాడిన తర్వాత 2006లో బస్సు టికెట్లు ఆన్‌లైన్‌లో అమ్మే రెడ్‌బస్ మొదలైంది. దొరకని సీటు గురించి బాధపడి ఊరుకుంటే అది మామూలు పండగ కష్టంగానే మిగిలేది.

ఇక మీ హెచ్‌ఓడీ గారి సలహా. ఆయన మీద కోపం పెట్టుకోవద్దు. 2018లో కేంద్రం కాలేజీల్లో కొత్త ఆలోచనలను ప్రోత్సహించే ఇన్నోవేషన్ కౌన్సిళ్లు పెట్టించడం మొదలుపెట్టింది. అవి ఉన్న కాలేజీలు జరిపిన కార్యక్రమాలకు నివేదికలు, ఫొటోలు పంపాలి. వాటిని బట్టి రేటింగు వస్తుంది. ఖాళీ హాలు ఫొటో పంపాల్సి వస్తే ఆయనకు ఎంత ఇబ్బందో ఆలోచించు. అయినా ఆ సలహా మాత్రం నువ్వు తీసుకోవద్దు. ఎందుకో నా పిండి కథలో మిగిలిన ముక్క చెబితే అర్థమవుతుంది.

మొదటిరోజు అమ్ముడైన ఏడు ప్యాకెట్లలో రెండు మా ఆడపడుచు కొన్నవి. రోజూ తప్పకుండా రెండు కొనేది. మూడు నెలల పాటు ఆమెనే నా నమ్మకమైన కొనుగోలుదారు అనుకున్నాను. ఆ పిండి బాగుందనే ధైర్యంతో పప్పు పాళ్లు కూడా మార్చలేదు. ఒకరోజు వాళ్లింటికి వెళితే వంటగదిలో గ్రైండర్ తిరుగుతోంది. ఇడ్లీ మెత్తగా రావడం లేదని వాళ్లింట్లో ఎవరూ నా పిండి ముట్టుకోవడం లేదు. నన్ను నొప్పించలేక కొని, పని మనిషికి ఇచ్చేస్తోంది. ఆమె మంచి మనసుతో చేసిన పని నాకు మూడు నెలలు నిజం తెలియకుండా చేసింది. హాజరు వేస్తామంటే నీ హాలుకు 250 మంది వస్తారు, ఫోన్లు చూసుకుంటారు, ఫొటో నిండుగా ఉంటుంది. నీ పిండి మెత్తగా ఉందో లేదో మాత్రం నీకు ఎప్పటికీ తెలియదు. ‘సార్, ఇంకొక్క అవకాశం ఇవ్వండి, ఎందుకు రాలేదో 20 మందిని అడిగి రాసుకొస్తాను, అది కూడా నివేదికలో పెడదాం’ అని అడిగి చూడు. చాలామంది అధ్యాపకులు ఇలాంటి మాట విన్నాక కాదనరు.

నాన్నగారి టెంట్ హౌస్ సంగతి ఒక్క వాక్యంలో రాసి వదిలేశావు. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు ఒక పెళ్లి బేరం జరిగేటప్పుడు పక్కన కూర్చో. పెళ్లివారు వచ్చి ‘ఎనిమిది వందల కుర్చీలు కావాలి’ అంటారు. ఆయన వెంటనే సరే అనరు చూడు. ముహూర్తం రాత్రా పగలా అంటారు. ఆదివారమా అంటారు. అదే రోజు ఊళ్లో ఇంకెవరి పెళ్లి ఉందో ఆయనకు ముందే తెలిసి ఉంటుంది. నాట్లు పడుతున్నాయా, కోతలా అని చూసుకుంటారు. అన్నీ విని ఐదు వందలు వేయించి, మరో వంద వ్యానులో ఉంచి, ‘జనం పెరిగితే దించుతాం’ అంటారేమో. పిలుపులు ఎన్ని, వచ్చే మనుషులు ఎందరు అనే విద్యలో ఆయన ఎన్నో ఏళ్లుగా ఆరితేరిన మనిషి. నీ కార్యక్రమానికి 250 కుర్చీల హాలు తీసుకునే ముందు ఆయనకు ఒక ఫోను చేసి ఉంటే ఏమనేవారో అడుగు. ఆయన వ్యాపారం వద్దంటున్నది నీకు చేతకాదని కాకపోవచ్చు. కూలీలు రాని రోజు తానే ఇనుప పైపులు మోసిన మనిషి, ఆ కష్టం కూతురికి వద్దనుకోవడం సహజం. ఆయనతో వాదన పెట్టుకోవద్దు. పని అడుగు. ఈ వేసవి సెలవుల్లో లెక్కల పుస్తకం నాకివ్వండి నాన్నా అని చూడు.

బాధ్యత వదిలేయాలా అన్నావు. ఇంకొక్క కార్యక్రమం చేసేదాకా వదలవద్దు. అది ఇంత పెద్దది వద్దు. 12 కుర్చీలు, ఒక టేబుల్, క్యాంటీన్లో ఒక మూల. మైకు వద్దు, శాలువా వద్దు. మధ్యాహ్న భోజన విరామంలో పెట్టు, బస్సుల గొడవ ఉండదు. మనిషికి 20 రూపాయలు ముందుగా తీసుకో, వచ్చినవాళ్లకు టీ, సమోసా ఇవ్వు. డబ్బు కోసమని కాదు, 20 రూపాయలు తీసి ఇచ్చిన చెయ్యి మొహమాటానికి ఇవ్వదు. ఫారంలో ఒకే ప్రశ్న పెట్టు: ‘నువ్వు గానీ మీ ఇంట్లోవాళ్లు గానీ ఏదైనా అమ్ముతున్నారా? అందులో ఇప్పుడు తలనొప్పిగా ఉన్నది ఏమిటి?’ ఆ ప్రశ్నకు జవాబు రాసినవాళ్లు తప్పకుండా వస్తారు, ఎందుకంటే వాళ్ల పనే అక్కడ ఉంది. 1975 మార్చిలో కాలిఫోర్నియాలోని మెన్లో పార్కులో ఒక ఇంటి గ్యారేజీలో హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ మొదటిసారి సమావేశమైనప్పుడు వచ్చింది 30 మంది చిల్లర. ఎవరికి తెలిసింది వాళ్లు మిగతావాళ్లతో పంచుకునే మనుషులు వాళ్లు. తర్వాత ఆపిల్ కంపెనీ పెట్టినవాళ్లలో ఒకడైన స్టీవ్ వోజ్నియాక్ ఆ గ్యారేజీలోనే ఉన్నాడు. ఆ సాయంత్రమే తనకు మొదటి ఆపిల్ కంప్యూటర్ ఆలోచన తెచ్చిపెట్టిందని తర్వాత ఆయనే చెప్పాడు.

మీ అతిథికి కూడా ఒక ఉత్తరం రాయి. క్షమాపణ ఒక్క వాక్యం చాలు. మిగతా అంతా 20 మంది ఏం చెప్పారో రాయి. ఆయన కంపెనీ నడుపుతున్న మనిషి, ఖాళీ కుర్చీలు ఆయనకు కొత్త కావు. అందుకే వెళ్లిపోకుండా సమోసా పట్టుకుని గంటసేపు నిలబడ్డారు. నా లెక్కలో ఆ రోజు మీ కార్యక్రమం అంటే ఆ గంటే. వేదిక మీది 40 నిమిషాలు దానికి పిలుపు మాత్రమే.

ఇప్పుడు ఆ అబ్బాయి దగ్గరికి వద్దాం. ఇంటి పచ్చళ్లు అమ్మేవాళ్లకు వచ్చే కష్టాలు నేను కొంత ఎరుగుదును. కొరియర్లో వెళ్లే సీసా అడ్డంగా పడి, మూత సందులోంచి నూనె కారి, అట్టపెట్టె తడిసి, ఎర్రటి మరకతో కొన్నవాళ్ల ఇంటికి చేరుతుంది. లోపల పచ్చడి ఎంత బాగున్నా ఆ పెట్టె చూసినవాళ్లు మళ్లీ ఆర్డరు ఇవ్వరు. మూత కింద అల్యూమినియం రేకును వేడితో అతికించే చిన్న యంత్రాలు ఉంటాయి. మీ అతిథి దాని గురించే చెప్పారో, ధర గురించి చెప్పారో, ఫుడ్ లైసెన్సు గురించి చెప్పారో నాకు తెలియదు. నువ్వు పక్కనే ఉండి కూడా ఖాళీ కుర్చీల వైపు చూస్తున్నావు.

రేపు అతన్ని వెతికి పట్టుకో. వాళ్లమ్మ నెలకు ఎన్ని కిలోలు పెడుతుందో, ఆ రోజు అతను అడిగింది ఏమిటో, ఆయన చెప్పింది చేసి చూశాడో లేదో కనుక్కో. నీ 20 మంది మాటలతో పాటు అది కూడా రాసి పంపు. ఎదురుచూస్తుంటాను.